సగం ముద్ర

నేను ఒక తపాలా బిళ్ళను. నా సంగతి చెప్పేముందు మా పెద్దన్నయ్య మీద నాకున్న ఫిర్యాదు మీరు వినాలి. ఇంట్లోవాళ్ళ మీద ఒక్క చాడీ అయినా లేని ఆత్మకథను నేను నమ్మను.

మేం నలుగురం ఒక్క రోజున, ఒకే యంత్రం కింద పుట్టాం. భూమిలోంచి తవ్వితీసిన పాతకాలపు వస్తువుల బొమ్మలు మా ముఖాన అచ్చువేసి, అందరికీ కలిపి ‘పురాతన నిధులు’ అని పేరు పెట్టారు. పెద్దన్నయ్య ముఖాన మూపురం ఎత్తుకున్న రాతి ఎద్దు. వెల ఎక్కువ కనక విదేశాలకు వెళ్ళే కవర్ల మీదే కూర్చుంటాడు, విమానం తప్ప ఎక్కడు. పుట్టి సాయంత్రం కాకుండానే మాతో ముభావంగా ఉండటం మొదలుపెట్టాడు. రెండో అన్నయ్య రాతి భరిణె, అక్క దంతపు దువ్వెన. చివరిదాన్ని నేను. నా ముఖాన ఒక మట్టిబొమ్మ. ఎడమ చెయ్యి విరిగిపోయింది, ముక్కు అరిగిపోయింది, అయినా నవ్వుతూనే ఉంటుంది. ఏదో దిబ్బలో రెండువేల ఏళ్ళు పడుకుని లేచిందట. అన్నేళ్ళు ఎవరూ వంటేమిటని అడగకుండా పడుకోనిస్తే నవ్వు రాక ఏం చేస్తుంది!

నా వెల దేశంలో మామూలు ఉత్తరానికి సరిపోయేంత. “నువ్వు శుభలేఖల మీదకీ, సంతాపాల మీదకీ పోతావులే” అని అన్నయ్య ముందే తేల్చేశాడు. ఆ రెంటిలో ఏదీ జరగలేదు. ఏదో ఒకటి జరిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

నేను చేరిన ఊరు వీరభద్రాపురం. కొండల నడుమ ఆనకట్ట కడుతున్న చోటికి దగ్గర. పోస్టాఫీసు అంటే ఒక గది, ఒక బల్ల, ఒక దగ్గు. ఆ దగ్గు పోస్టుమాస్టరుది. ఒకరోజు బల్ల ముందుకి బక్కపలచని మనిషి వచ్చాడు, పాతికేళ్ళు ఉంటాయేమో. గడ్డం పెరిగి ఉంది. మామూలు బిళ్ళ తీసి ఇవ్వబోతే వద్దన్నాడు.

“బొమ్మలవి కొత్తవి ఏమైనా వచ్చాయాండీ? మా బావకి అవంటే ప్రాణం.”

“ఉత్తరం బావగారికా?”

“కాదండీ, మా అక్కకి. స్టాంపు బావకి.”

పోస్టుమాస్టరు నవ్వి నన్ను చింపి ఇచ్చాడు. ఆ మనిషి నన్ను నాలుకకు తాకించుకున్నప్పుడు నా వీపు చుర్రుమంది. జ్వరం నాలుక అది. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. తరవాత కలం తీసి, కవరు మీద నాకు ఎదురుమూలన, ఎడమపక్క అడుగున, తన పేరూ, ఊరూ నాలుగు వరసల్లో గుండ్రంగా రాసుకున్నాడు. ఆ పేరు వరదరాజులు. పోస్టుమాస్టరు ముద్ర కొట్టాడు. సరిగ్గా సగం నా మీద, సగం కవరు మీద పడింది. ఊరిపేరులో ‘వీరభద్రా’ కవరుకీ, ‘పురం’ నాకూ వచ్చాయి.

బావకీ బావమరిదికీ మధ్య ఏం జరిగిందో నాకు తరవాత ఆల్బంలోని పాత కాపురస్తులు చెప్పారు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను.

బందరులో వేదాద్రి గారని చరిత్ర లెక్చరరు. ఆయన భార్య తాయారు. తల్లి పోయాక తమ్ముడు వరదాన్ని తాయారే తెచ్చి పెంచుకుంది. వేదాద్రి గారు చెడ్డమనిషి కాదు. పిల్లలు లేని ఇంట్లో ఆ కుర్రాడికి ఫీజులు కట్టాడు, చొక్కాలు కుట్టించాడు. చెడ్డతనమంతా ఒక్క ఆల్బం విషయంలోనే చూపించేవాడు. మనుషులకు అలా ఏదో ఒక చోటు ఉంటుంది. మిగతా ఇల్లంతా శుభ్రంగా ఉంచి ఒక అలమరలో బొద్దింకల్ని పెంచినట్టు.

వరదం ఒకనాడు ఉద్యోగానికి దరఖాస్తు రాశాడు. ఆఖరిరోజు. పోస్టాఫీసు మూసేశారు, డబ్బాలోంచి ఉత్తరాలు తీసే వేళ మాత్రం ఇంకా కాలేదు. ఇంట్లో బిళ్ళ కోసం వెతికితే బావ ఆల్బంలో వాడనివి వరసగా ఉన్నాయి. ఒకటి తీసి, తడిపి, కవరుకి అంటించి డబ్బాలో పడేశాడు. బిళ్ళ పుట్టిందే దానికి కదా అనుకున్నాడు. ఆ ఇంట్లో మా జాతి సంగతి అర్థమైనవాడు అతనొక్కడే.

ఆదివారం ఆల్బం తెరిచిన వేదాద్రి గారికి ఖాళీ కనిపించింది.

“అంటించేశావా? నాలుకతో తడిపి అంటించేశావా!” అని అరిచాడట.

“స్టాంపే కద బావా, రేపు కొనిచ్చేస్తాను.”

“అది దొరికేది కాదురా! అడక్కుండా తీస్తే దాన్నేమంటారో తెలుసా? దొంగతనం అంటారు.”

తాయారు వంటింట్లోంచి “ఏమండీ, చాలు ఊరుకోండి” అంది. ఆయన ఊరుకోలేదు. ఆ మాటను ఇంకోసారి, వీధిలోకి వినపడేలా అన్నాడు. తెల్లారేసరికి వరదం మంచం ఖాళీ. చొక్కాలు దండెం మీదే ఉన్నాయి. ఏడాది గడిచింది. కబురు లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

ఆ ఏడాది తరవాత వచ్చిన మొదటి ఉత్తరం మీద నేనున్నాను. ఇప్పుడు అర్థమైందిగా, నేను ఎవరి తరఫున, ఎవరి దగ్గరికి రాజీకి వెళ్ళానో.

వాళ్ళింట్లో ఒక ఒప్పందం ఉంది. ఏ టపా వచ్చినా ఉత్తరం తాయారుది, కవరు వేదాద్రి గారిది. పెళ్ళయిన కొత్తలో కుదిరిందట. పంపకాలు అంత సాఫీగా జరిగిన ఇల్లు బందరులో మరోటి లేదు. ఆ ఉదయం పోస్టుమాన్ చేతిలోంచి అందుకున్నది ఆయనే. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి. ఎవరికి వచ్చిందో చూశాడు, ఎవరు రాశారో చూడలేదు. బ్లేడుతో అంచు కోసి, లోపలి కాగితం తీసి, నా ముఖం మీంచి చూపు మరల్చకుండానే చెయ్యి వంటింటి వైపు చాచాడు. “నీకే” అన్నాడు. తాయారు పిండి చేతులు తుడుచుకుని అందుకుంది.

ఆయన అరుగు మీద కూర్చుని కత్తెర తీశాడు. నా పళ్ళ అంచుల వెంబడే చదరంగా కత్తిరించాడు. ఎదురుమూలన ఆ నాలుగు వరసలూ ఆయన బొటనవేలి కిందే ఉన్నాయి. నీలంసిరా రాత ఏదో ఉందని కంటికి ఆనింది కూడా. చదవలేదు. మిగిలిన కవరుని పెరట్లో స్నానానికి కాగుతున్న నీళ్ళ పొయ్యిలో వేసి వచ్చాడు, రోజూ వేసినట్టే. నన్ను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో వదిలాడు. జిగురు కరిగి, కవరు ముక్క నన్ను వదిలేసి అడుక్కి దిగిపోతుంటే అప్పుడు వంటింట్లోంచి కేక.

“ఏమండీ! వరదం! వరదం రాశాడండీ!”

తాయారు పరిగెత్తుకొచ్చింది. ఆయాసపడుతూ పైకి చదివింది. పెద్ద ఉత్తరమేం కాదు. “అక్కా, ఇక్కడ ఒక పని దొరికింది. తింటున్నాను, ఉంటున్నాను. నీకు చూడాలనిపిస్తే చూడు. లేకపోతే లేదు. వరదం.” అంతే. కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకి పట్టి చూసింది.

“ఏ ఊరో రాయలేదేంటండీ? కవరు మీద ఉందేమో చూడండి.”

వేదాద్రి గారు పెరటి వైపు చూశాడు. పొయ్యి చక్కగా మండుతోంది. ఆ రోజు కట్టెలు కూడా ఎండినవే. ఆయన ముఖంలో రంగు ఎలా మారిందో గిన్నెలోంచి చూశాను. ఒక బిళ్ళ కోసం వాణ్ణి దొంగ అన్నాడు. ఇప్పుడు మరో బిళ్ళ కోసం వాడి ఊరు తగలబెట్టానని ఏ నోటితో చెబుతాడు?

“చూశాను. ఏమీ లేదు” అన్నాడు.

అంత చిన్న అబద్ధం. అప్పటికప్పుడు దొర్లిపోయింది. అరగంట ఆగి “కాదే, చూడలేదు” అని ఉంటే సరిపోయేది. ఆ అరగంట భోజనంలో గడిచింది. తరవాతి అరగంట కాలేజీకి తయారవడంలో గడిచింది. ఇక అక్కణ్ణించి ఏళ్ళు అరగంటల్లాగే గడిచాయి. నేను నీళ్ళలో ఉన్నాను కనక నా ఏడుపు ఎవరికీ తెలియలేదు.

“పోనీ స్టాంపు మీద ముద్ర ఉంటుంది కదా?” అంది తాయారు. ఆ ఇంట్లో బుర్ర ఆవిడదే. ఆయన నన్ను చిన్న పట్టకారుతో పైకి తీసి, అద్దుడు కాగితం మీద వడియంలా ఆరబెట్టి, భూతద్దం పెట్టాడు. ‘పురం’ అని తేలింది. ముందుభాగం బూడిదలో ఉంది.

పురాలు లేని జిల్లా మన దగ్గర లేదు. అయినా వెతికారు. సెలవు దొరికితే చాలు, తాయారు పులిహోర కలిపి డబ్బాకెత్తేది. పిఠాపురం వెళ్ళారు, రామచంద్రపురం వెళ్ళారు, నర్సాపురం, అనంతపురం, హిందూపురం. బస్సుల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి బక్కమనిషినీ చూసేది. ఆయన ప్రతి ఊళ్ళోనూ పోస్టాఫీసులోకి వెళ్ళి వరదరాజులు అని ఎవరైనా ఉన్నారా అని అడిగి, బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఒక కొత్త బిళ్ళతో వచ్చేవాడు.

“వాణ్ణి వెతకడానికి వచ్చామా, స్టాంపుల్ని వెతకడానికా?” అని ఆవిడ ఒకసారి అడిగిందట. ఆ మాట హిందూపురంలో కొన్న బిళ్ళ ఆల్బంలో నా పక్కకు వచ్చి చెప్పింది. వీరభద్రాపురం పేరు వాళ్ళు ఒక్కసారైనా అనుకోలేదు. నేను అరుస్తూనే ఉన్నాను. మా అరుపు మీకు వినపడదు. వినపడి ఉంటే మమ్మల్ని ఇన్ని అబద్ధాల మీద అంటించేవాళ్ళు కాదు.

ఇంతలో కాలేజీ పిల్లల్ని ఏదో తవ్వకాల దిబ్బ దగ్గరికి తీసుకువెళ్ళే రోజు వచ్చింది. వేదాద్రి గారు అరుగు మీద అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. “వస్తువు కాదు ముఖ్యం. అది ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నది ముఖ్యం. ఎక్కడిదో తెలియని వస్తువు ఎంత అందమైనదైనా మూగదే.” చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న తాయారు తలెత్తకుండానే అంది, “ఆ ముక్క మా వరదానికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.” ఆయన నడక ఆగింది. ఆ రోజుకి ఉపన్యాసం అక్కడితో సరి.

తాయారు మారడం నేను పేజీలోంచి చూస్తూనే ఉన్నాను. మొదట్లో ఆ ఉత్తరాన్ని దేవుడి మందసంలో పెట్టుకుని రోజూ చదివేది. “చూడాలనిపిస్తే చూడు” అన్నచోట కళ్ళు తుడుచుకునేది. తిరిగి తిరిగి అలిసిపోయాక, అదే మాట ఆవిడకు మరోలా వినపడటం మొదలైంది. ఊరి పేరు పక్కన ఉంటే ఆ మాట పిలుపు. ఊరి పేరు లేకపోతే అదే మాట వెక్కిరింత. “చూడాలనిపిస్తే చూడు, ఎలా చూస్తావో చూస్తాను” అన్నట్టు. తల్లిలా పెంచితే వాడు నాతో ఆడుకుంటున్నాడు అనుకుంది. ఉత్తరం దేవుడి మందసంలోంచి బీరువాకి, బీరువాలోంచి అటక మీది పెట్టెకి వెళ్ళింది. వాడికి ఇష్టమని చేసే దోసావకాయ మానేసింది. పేరంటాల్లో ఎవరైనా తమ్ముడి గురించి అడిగితే “నాకెవరూ లేరండీ” అనడం నేర్చుకుంది.

వేదాద్రి గారు అవన్నీ విన్నాడు. ఆదివారం ఆల్బం తెరిస్తే తిన్నగా నా పేజీకే వస్తాడు. భూతద్దం పెడతాడు, ‘పురం’ ముందు ఏదైనా గీత మిగిలిందేమోనని. ఒక్కోసారి పెదవులు కదిలేవి. తాయారు అటు వస్తే ఆల్బం మూసేసేవాడు. ఒకసారి నన్ను ప్రదర్శనకి తీసుకువెళ్ళాడు. న్యాయనిర్ణేత నన్ను చూసి, “అందంగా ఉంది మాస్టారూ, కానీ ముద్ర సగమేగా. కవరుతో సహా ఉంచాల్సింది” అన్నాడు. ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. బహుమతి రాలేదని తాయారు అనుకుంది. చారు మళ్ళీ వేడిచేసి పెట్టింది.

నేనైతే నవ్వుతూనే ఉన్నాను. నా ముఖాన నవ్వే అచ్చువేశారు మరి. చెరుపుకోవడం నా చేతిలో లేదు. వరదం ఆ జ్వరంలోంచి లేచాడో లేదో తెలియదు. ఆనకట్ట పని అయిపోయి ఉంటుంది, పనివాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయి ఉంటారు. అతను ఎన్నాళ్ళు ఎదురుచూశాడో, ఏ రోజున “అక్కకి చూడాలని లేదు” అని తేల్చుకున్నాడో తలుచుకుంటే నా అంచుల పళ్ళు జిల్లుమంటాయి. అక్కడ అతను అక్క రాలేదనుకున్నాడు. ఇక్కడ ఆవిడ తమ్ముడు వద్దన్నాడనుకుంది. ఇద్దరూ పొరపాటు పడలేదు, చేతిలో ఉన్నదాన్నిబట్టి సరిగ్గానే లెక్కకట్టారు. నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. నాకు నోరు లేదు. ఆయనకుంది, కానీ అది ఉపన్యాసాలకు.

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్న వీధిలో “పాతబట్టలకి స్టీలు సామాన్లూ” అని కేక వినపడింది. నూకాలు అని, నెలకోసారి వస్తుంది. తాయారు ఎప్పుడూ చిరిగిన చీరలూ, పాత పంచెలూ ఇస్తుంది. ఆ రోజు లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. అటక మీది పెట్టె దించిన చప్పుడైంది. ఒళ్ళో చొక్కాల బొత్తి పెట్టుకుని వచ్చింది. ఉతికి మడతపెట్టి, కలరా ఉండలు వేసి దాచినవి. అరుగు మీద బల్ల దగ్గర ఆల్బం తెరిచి ఉంది. వేదాద్రి గారు పట్టకారు పట్టుకుని నా మీదకి వంగి ఉన్నాడు.

నూకాలు ఒక చొక్కా ఎత్తి చూసింది. “కాలర్లు పెద్దవమ్మగోరూ, ఇప్పుడెవరూ తొడగట్లేదు. ఈ చిన్న గిన్నె తీసుకోండి.”

“చిన్న గిన్నా? గుడ్డ చూడవే, పాప్లిన్. ఒక్క కుట్టు ఊడలేదు. మూతతో సహా ఆ బేసిను ఇవ్వు.”

“బేసినే! అమ్మో, నన్ను ముంచేత్తారా ఏంటి? ఆ పంచెలు కూడా ఏత్తే చూద్దారి. ఇంతకీ ఎవరియమ్మా? అయ్యగోరియి కాదే, సన్నంగా ఉన్నాయి.”

“మా తమ్ముడివి.”

“అయ్యో. పోయాడా అమ్మా?”

“ఏమో. ఉన్నదీ పోయిందీ మాకు చెప్పేంత గొప్పవాళ్ళం కాదు” అంది తాయారు. గొంతు మామూలుగానే ఉంది. చింతపండు ధర చెప్పినట్టు చెప్పింది. “ఎత్తి పెంచాను నూకాలూ. చూడాలనిపిస్తే చూడు అని రాశాడు. ఏ ఊళ్ళో ఉన్నాడో మాత్రం రాయలేదు. మమ్మల్ని ఊరూరా తిప్పి ఎక్కడో కూర్చుని నవ్వుకున్నాడు. అలాంటివాడి చొక్కాలు నాకెందుకు? ఆ బేసిను ఇచ్చేయ్, తీసుకుపో.”

నూకాలు నిట్టూర్చి మూటలోంచి బేసిను బయటికి తీసింది. తాయారు మూత సరిగ్గా పడుతుందో లేదో తిప్పి చూసింది. చొక్కాలు ఒక్కొక్కటే నూకాలు గంపలోకి చేరుతున్నాయి. వేదాద్రి గారి చేతిలో పట్టకారు పక్కకి జారి నా అంచుకి తగిలింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను గీరడం అదే మొదలు.

“రాశాడు” అన్నాడు.

“ఏంటండీ?” అంది తాయారు, మూత మీదే చూపు పెట్టి.

“ఊరు రాశాడు. కవరు మీద. ఎడమపక్క, కింద.”

నూకాలు చేతిలో చొక్కా ఆగిపోయింది. ఆ ఇంటికి సంబంధించిన మాటేదో తన ముందు బయటపడుతోందని ఆ మనిషికి అర్థమైంది. కొంగు సవరించుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

తాయారు తలెత్తింది. “మీరు చూశానన్నారు. ఏమీ లేదన్నారు.”

“చూడలేదు. స్టాంపు కత్తిరించుకుని మిగతాది పొయ్యిలో వేశాను. నువ్వు అడిగేసరికి అది కాలుతోంది.”

“ఎంత రాశాడు?”

“నాలుగు వరసలు. చదవలేదు నేను. గుండ్రంగా రాశాడు, అంతవరకే గుర్తుంది.”

ఆవిడ బేసిను కిందపెట్టి, గంపలోంచి చొక్కాలు మళ్ళీ ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. ఒకటి జారి నేలమీద పడింది. వేదాద్రి గారు లేచాడు, దాన్ని తీయడానికి వంగాడు, తీయకుండా అక్కడే అరుగు అంచున చతికిలబడ్డాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చూసేంత గట్టిగా అన్నాడు.

“వాడు నిన్ను రమ్మన్నాడు తాయారూ. తప్పు వాడిది కాదు, నాది.”